పాముచెవులాయన పెట్టె

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన పాముచెవులాయనే. వీధి మొదట్లో ఎవరి సైకిల్ గొలుసు ఊడినా, వీధి చివర తన ఇంట్లో కూర్చుని అది ఎవరి సైకిలో చెప్పేసేవాడు. పక్కింటి మొగుడూ పెళ్ళాలు తలుపులు బిగించుకుని గుసగుసగా పోట్లాడుకున్నా, తప్పెవరిదో తీర్పు కూడా చెప్పేవాడు. వాళ్ళావిడ కళ్ళెర్రజేసి ఆపేది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ వీధిలో ఆయనకి గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కాదు. ఇన్ని వినే మహానుభావుడికి, పెళ్ళాం పక్కగదిలోంచి పిలిస్తే మాత్రం వినపడదు. ఆవిడ గొంతు చించుకుని పిలవగా పిలవగా, "ఆఁ? నన్నేనా?" అంటాడు. అవేం చెవులో మరి!

ఆయన చేసే పనేమిటో చెప్పకుండా కథ ముందుకి నడవదు, కాస్త ఓపిక పట్టండి. ఎలక్ట్రిక్ గిటార్ ఉందే, అది ఒట్టి కొయ్యా తీగలూ. దాని గొంతు దానిలో ఉండదు. సగం యాంప్లిఫయర్‌లో ఉంటుంది, మిగతా సగం ఆ యాంప్లిఫయర్ మోగించే స్పీకర్ పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె ఎలాంటిదంటే, ఒక్కడే మోసుకుంటూ మెట్లెక్కినవాడు మర్నాడు నడుం పట్టుకుని మంచంమీద ఉంటాడు. ఈ బరువంతా ఎవడు మోస్తాడులే అని గిటార్‌ని తిన్నగా హాల్లోని మైకు సిస్టమ్‌కి తగిలించారో, ఇక కందిరీగల తుట్టెని కదిపినట్టే. జనం చెవులు మూసుకుని లేచిపోతారు. పాముచెవులాయన తయారుచేసే పెడల్ ఆ యాంప్లిఫయర్ పనీ, ఆ పెట్టె పనీ రెండూ తనే చేస్తుంది. అరచేతిలో పట్టే ఇనప డబ్బీ. ఇటు గిటార్ కేబుల్, అటు హాలు కేబుల్, మధ్యలో ఇది. వినేవాళ్ళకి మాత్రం అక్కడెక్కడో పెద్ద పెట్టె మోగుతున్నట్టే ఉంటుంది.

ఇలాంటివి దుకాణాల్లో దొరకవా అంటే, బోలెడన్ని. దీపాలు వెలిగేవి, బొమ్మలు కనిపించేవి, వంద పెట్టెల గొంతులు ఒక్కదాంట్లోనే కూరినవి. ఈయన డబ్బీకి ఆ సోకులేవీ లేవు. రెండు నాబ్‌లు, ఒక స్విచ్. ఒక్కటే గొంతు. కానీ ఆ గొంతు ఒకసారి విన్న గిటార్‌వాళ్ళు దానికోసం చెవి కోసుకునేవాళ్ళు. మెత్తగా, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా ఉంటుంది. గట్టిగా వాయించినా ఎవరినీ కసురుకున్నట్టు ఉండదు. అదెలా వచ్చింది మాస్టారూ అని అడగని వాడు పాపాత్ముడు. అడిగించుకోవడమంటే ఈయనకి మహా సరదా.

ఇంట్లో ముందుగది ఆయన పనిగది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దానిమీద టంకం వాసన వదలని చాప, డబ్బాల్లో రంగురంగుల రెసిస్టర్లు. ఎదుటి గోడకి జానెడు ఎడంలో, వీపు గోడకేసి, ఆయన చేతులతో చేసుకున్న స్పీకర్ పెట్టె. ఆయన పెడళ్ళన్నీ ఆ పెట్టె గొంతుకి నకళ్ళు. అందుకని దానికి జరిగే మర్యాద ఇంట్లో మనుషులకి కూడా జరిగేది కాదు. అంగుళం జరిగినా గొంతు మారిపోతుందని, అది చేసిన రోజునే దాని నాలుగు కాళ్ళ చుట్టూ నేలమీద ఎర్ర రంగుతో గీతలు గీశాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, జరపకూడదు, విప్పకూడదు. చీపురు దాని దరిదాపుల్లోకి రాకూడదు. ఆ జానెడు సందులో కాపురం చేసే హక్కు సాలీళ్ళకి తప్ప ఎవరికీ లేదు. తను కూడా దాని వెనక్కి తొంగిచూసేవాడు కాదు, అంత నిష్ఠ.

కొత్త పెడల్ తయారైనప్పుడల్లా పరీక్ష ఉండేది. ఆయన గిటార్ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని ఒకే ఒక చిన్న వరస వాయిస్తాడు. వెనకాల వాళ్ళావిడ బల్లదగ్గర నిలబడి స్విచ్ తిప్పుతుంది. ఇటు తిప్పితే పెట్టె, అటు తిప్పితే దాని పక్కనే పెట్టిన మైకు స్పీకర్‌లోంచి పెడల్. తిప్పి, "ఏది?" అంటుంది. ఆయన చెప్పాలి. సరిగ్గా చెప్పేస్తే పెడల్ తప్పినట్టు, మళ్ళీ విప్పి సర్దాలి. పెడల్‌ని పట్టుకుని "పెట్టె" అని పొరపడితేనే అది పాసైనట్టు. లోకంలో అందరూ గెలవాలని పరీక్ష పెట్టుకుంటే, ఈయన ఓడిపోవాలని పెట్టుకున్నాడు. స్విచ్ తిప్పీ తిప్పీ ఆ వరస ఆవిడకి ఎంత అలవాటైందంటే, గిన్నెలు తోముతూ అదే కూనిరాగం తీసేది.

ఇక ఆ గొంతు పుట్టిన కథ. వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పే కథే, వీలైనంత కుదించి చెబుతాను. వాళ్ళమ్మాయి నెలల పిల్లగా ఉన్న రోజుల్లో ఆయన ఆ పెట్టెతో కుస్తీ పడుతున్నాడు. ఏంచేసినా రేకుడబ్బా మోతే. ఒక మధ్యాహ్నం బజారుకెళ్ళి కొత్త కెపాసిటర్ ఒకటి తెచ్చి, యాంప్లిఫయర్‌లో టంకం పెట్టి, గిటార్ మీటాడు. అంతే! గదంతా నిండిపోయింది ఆ గొంతు. "నమ్మరు మీరు, అంతవరకూ గుక్కపట్టి ఏడ్చే మా పిల్ల, ఆ గొంతుకి అలా నిద్రలోకి జారిపోయింది! పసిపిల్లకి తెలిసిపోయిందండీ!" అనేవాడు, ప్రతిసారీ కొత్తగా పొంగిపోతూ. ఆ తర్వాత ఆ గొంతుని పెడల్‌లోకి ఎక్కించడానికి ఏళ్ళు పట్టిందనుకోండి, అది వేరే సంగతి. ఈ కథ సగంలోకి వచ్చేసరికి వాళ్ళావిడకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఇప్పుడు ఆ నెలల పిల్లే ఒక పాపని కన్నది. అదే ఊళ్ళో, కాస్త దూరంలో కాపురం. అమ్మమ్మగారికి కాలు ఒకచోట నిలవడంలేదు. చిన్నచిన్న చొక్కాలూ గుడ్డలూ మూటకట్టుకుని పొద్దునొకసారి కూతురింటికి, సాయంత్రమొకసారి ఇంటికి. తాతగారు ఆస్పత్రిలో మనవరాలిని చూసి మురిసిపోయి వచ్చారు గానీ, ఆ తర్వాత కూతురింటి గడప తొక్కలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆయన నెత్తిన పిడుగు పడింది.

హోటల్‌లో సాయంత్రాలు గిటార్ వాయించే ఆవిడ ఒకరున్నారు. వీధిలోవాళ్ళు ఆవిడని హోటలమ్మాయి అంటారు, ఆవిడకి నలభై దాటినా. యాంప్లిఫయర్ మోసీ మోసీ ఆవిడ కుడి భుజం ఎప్పుడో పాడైంది. పాముచెవులాయన పెడల్ దొరికాకే మళ్ళీ నాలుగు చోట్ల వాయించగలిగింది. ఆ పెడల్‌ని ఆవిడ టాక్సీలో మర్చిపోయి దిగింది. ఏడుపు మొహంతో వచ్చి పడింది.

"మాస్టారూ, కొత్త హోటల్లో వచ్చే నెల మొదటినించీ రమ్మన్నారు. పెద్ద యాంప్లిఫయర్ తెస్తే లోపలికి రానివ్వరట. తెచ్చినా మోసే భుజం నాకెక్కడుంది? మీరు చేసిస్తేనే నాకు పని."

"దానికేం భాగ్యం, అదెంతసేపు," అన్నాడు ఆయన.

చేశాడు కూడా. పరీక్షకి కూర్చున్నాడు. వాళ్ళావిడ స్విచ్ తిప్పింది. "ఏది?" "పెడల్." మళ్ళీ తిప్పింది. "ఏది?" "పెట్టె." ఎన్నిసార్లు తిప్పినా ఠక్కున చెప్పేస్తున్నాడు. పెడల్ మెత్తగా ఉంది, పెట్టె కరకరలాడుతోంది. మధ్యలో ఆమడ దూరం. విప్పి సర్దాడు. మళ్ళీ అదే. చివరికి, ఎన్నో ఏళ్ళకిందట పాసై అలమారలో దాచుకున్న తన మొదటి పెడల్‌ని తీసి పరీక్ష పెట్టాడు. దాన్నీ పట్టేశాడు.

కెపాసిటర్‌ని అనుమానించి మార్చాడు. యాంప్లిఫయర్‌ని మీటర్ పెట్టి అణువణువూ కొలిచాడు. అది గుండ్రాయిలా ఉంది. స్పీకర్ ముసలిదైందా అంటే, ముసలిదైతే గొంతు ఇంకా మెత్తబడాలి గానీ ఇలా కీచుమనదు. పెట్టె సంగతా? వంగి ఎర్ర గీతలు చూశాడు. నాలుగు కాళ్ళూ గీతల మధ్య బుద్ధిగా ఉన్నాయి. దాన్ని ముట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది? పెట్టె మారలేదు. అలమారలో పెడల్ మారలేదు. మరి మారిందెవరు? కుర్చీలో కూలబడి రెండు చేతులతో చెవులు తడుముకున్నాడు. లెక్క ఎక్కడా తప్పలేదు పాపం, మొదటి మాట ఒక్కటే తప్పు.

ఆ మనిషికి చెవులే ఆస్తి. చదువు అంతంతమాత్రం. మాటకారి కాదు. నలుగురిలో నిలబెట్టిందీ, నాలుగు మెతుకులు పెట్టిందీ ఆ రెండు చెవులే. అవి పోతే తనేమిటి? ఆ ప్రశ్న వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ముద్ద దిగలేదు. భయమేసింది, చెప్పుకోవడానికి సిగ్గేసింది. టంకం అయిపోయింది తెచ్చుకుంటానని ఇంట్లో చెప్పి, మూడో కంటికి తెలియకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చి, చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కమంది. ఆయన హెడ్‌ఫోన్లలో చప్పుళ్ళతోపాటు డాక్టరమ్మ చేతి గడియారానికి కూడా నొక్కాడు. ఆవిడ కాగితం చూసి నవ్వింది.

"మీ వయసుకి మీ చెవులు చాలా బాగున్నాయండీ. నాకేదో పరీక్ష పెట్టడానికి వచ్చినట్టున్నారు."

ఇంకొకరైతే ఎగిరి గంతేసి ఇంటికి పోయేవారు. ఈయనకి ఆ మాటల్లో "మీ వయసుకి" తప్ప ఇంకేమీ వినపడలేదు. అనుకున్నంతా అయిందనుకుంటూ ఇంటికొచ్చాడు. "టంకం ఏదండీ?" అంది వాళ్ళావిడ. దుకాణం మూసి ఉందన్నాడు. ఆవిడ రెట్టించలేదు. జేబులోంచి డాక్టరు చీటీ అంచు కనబడుతూనే ఉంది మరి.

మర్నాడు హోటలమ్మాయి వచ్చింది. ఆయన బల్లమీద సామాన్లన్నీ డబ్బాల్లో సర్దేసి, టంకం కడ్డీకి వైరు చుట్టేసి కూర్చున్నాడు.

"వేరేచోట కొనుక్కో అమ్మా. నా వల్ల కాదు."

"అదేంటి మాస్టారూ, చేసేశానన్నారుగా? బల్లమీద ఉన్నదదేగా?"

"అది తప్పు. అది తప్పో ఒప్పో చెప్పే చెవులు నాకిక లేవు. తప్పు వస్తువు నా చేతుల్లోంచి బయటికి పోదు."

"హాస్యాలాడకండి మాస్టారూ. నేను మెట్లెక్కుతుంటేనే కొత్త చెప్పులు కొన్నావా అన్నారు. మీకు చెవులు లేవా?"

ఆయన టంకం కడ్డీని డబ్బాలో పడేసి మూత పెట్టాడు. ఆవిడ గుమ్మందాకా వెళ్ళి, "నెలాఖరుదాకా చూస్తాను. ఆ తర్వాత ఆ హోటల్‌వాళ్ళకి రానని చెప్పుకోవాలి," అని వెళ్ళిపోయింది. ఆయన ఆ రోజంతా కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు. సైకిల్ గొలుసు ఊడిన చప్పుడు వినపడినా ఎవరిదో చెప్పలేదు. అది చూసి వాళ్ళావిడకి నిజంగా బెంగపట్టుకుంది.

"లేవండి. పిల్లదాన్ని చూసొద్దాం," అంది.

"నాకు బాగాలేదు."

"బాగాలేనివాళ్ళు చూస్తేనే బాగవుతుంది. లేవండి, చొక్కా మార్చుకోండి."

కూతురిది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పక్కగదిలో కిటికీ పక్కన మంచంమీద, వెలుతురు మొహాన పడకుండా, పాప వెల్లకిలా నిద్రపోతోంది. కింద దళసరి బొంత. గుప్పిట్లో దాని అంచు. తాతగారు చప్పుడు చెయ్యకుండా వంగి చూశారు. ఎన్ని రోజులైందో ఆయన మొహంలో నవ్వు కనబడి. బుగ్గ ముట్టుకోబోయి, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బొంతమీద, పాప కాళ్ళదగ్గర, ఎంత ఉతికినా పోని తుప్పు మరకలు నాలుగున్నాయి. గుండ్రంగా, పళ్ళెం అంచున పెట్టినట్టు. వాటిలో మూడు సమంగా ఉన్నాయి. నాలుగోది బొటనవేలంత పక్కకి జరిగి ఉంది. ఆ జరగడం ఆయనకి తెలుసు. పెట్టె చేసేనాడు స్పీకర్‌కి నాలుగు బోల్టులు బిగించడానికి బెజ్జాలు వేస్తూ, ఒకటి పక్కకి పోనిచ్చింది తనే. అప్పుడు తన్ను తాను తిట్టుకున్న తిట్టు కూడా గుర్తుంది.

"ఇది... ఈ బొంత ఎక్కడిది?" అన్నాడు.

"అది మీ అమ్మాయిదేగా," అంది వాళ్ళావిడ, తెచ్చిన చిన్న చొక్కాలు మడతపెడుతూ. "ఇది నా కడుపులో ఉన్నప్పుడు కుట్టాను. అదిగో, ఆ నీలంగళ్ళది మీ చొక్కానే."

"ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, మీ పెట్టెలో."

"ఏ పెట్టెలో?" అన్నాడు, తెలిసి కూడా.

"ఇంకే పెట్టె? ఇంట్లో మీకు ఒక్కటేగా పెట్టె! ఇది పుట్టిన కొత్తల్లో పొద్దస్తమానం ఒకటే మోత. పిల్ల కునుకు తీస్తే ఒట్టు. మీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పిపుట్టింది. ఓరోజు మీరు ఏదో సామాను కొంటానని బజారుకెళ్ళారు. ఆ పెట్టెని ముందుకి లాగి, వెనకవైపు మీరు వదిలిన పెద్ద బెజ్జంలోంచి ఈ బొంతని కుక్కేశాను. మళ్ళీ మీ ఎర్రగీతలమీదికి జరిపి పెట్టాను. మొన్న ఇది, నా చిన్నప్పటివి ఏమైనా ఉన్నాయా అమ్మా అంటే గుర్తొచ్చింది. మీరు ఆస్పత్రిలో పాపని చూడ్డానికి వెళ్ళినప్పుడు తీసి, వేడినీళ్ళలో ఉడకబెట్టి, ఎండేసి తెచ్చాను. ఏం? ఏమైంది?"

కూతురు గుమ్మంలో నిలబడిపోయింది. నాన్నకి ఆ పెట్టె అంటే ఏమిటో ఆ పిల్లకి తెలుసు. చిన్నప్పుడు బంతి దానికి తగిలినందుకు తిన్న చీవాట్లు ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకుంది.

ఆయనకి ఒళ్ళు మండిన మాట నిజం. ఒక్క క్షణం. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఎంతమందికి చెప్పాడు ఆ కెపాసిటర్ కథ! ఎంత గొప్పగా చెప్పాడు! ఆ గొంతు తన చేతి చలవ అనుకున్నాడు. తను బజారులో బేరమాడుతున్నప్పుడు వాళ్ళావిడ పిల్ల నిద్రకోసం పెట్టిన బొంత అది. పిల్ల నిద్రపోయింది గొంతు బాగుండి కాదు, గొంతు తగ్గి. మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నాడు చివరికి.

ఆవిడ మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు మీరు ఇల్లంతా చిందులు తొక్కారు. నన్ను ఎత్తుకుని తిప్పారు, గుర్తుందా? అంత సంతోషంగా ఉంటే చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత... మీ చెవులకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది, తెలిసే ఊరుకున్నారు అనుకున్నాను. చీమ నడిచినా మీకు వినపడుతుందిగా."

ఆయన బొంతమీది నాలుగో మరకని వేలితో తడిమాడు. ఉన్నట్టుండి లెక్క తిరగబడింది. పెట్టె మారింది! పెట్టె మారితే, తను మారలేదు. బొంత తీసిన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు, తన చెవులకి తెలిసింది!

"నా చెవులు పోలేదే!" అని ఒక్క కేక పెట్టాడు.

పాప ఉలిక్కిపడి లేచి ఆకాశం దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది.

"చెవులు ఉన్నాయి సరే, నోరు కాస్త మూసుకోండి," అంది వాళ్ళావిడ, పాపని ఎత్తుకుంటూ. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు, రెండూ ఒకేసారి. కూతురికి ఏం అర్థం కాక తనూ నవ్వింది. తర్వాత సంగతంతా విని, "బొంత తీసుకెళ్ళు నాన్నా, దీనికి వేరేవి ఉన్నాయి," అంది. ఆయన పాప గుప్పిటకేసి చూశాడు. ఆ ఏడుపులో కూడా బొంత అంచు వదల్లేదు.

"వద్దమ్మా. ఒక్క పూట అరువిస్తే చాలు. అదీ ఈ బుల్లి అమ్మగారు మేలుకుని ఉన్నప్పుడే."

ఆదివారం పొద్దున్నే కూతురు పాపనీ బొంతనీ వెంటబెట్టుకుని వచ్చింది. హోటలమ్మాయికి కబురు వెళ్ళింది, ఆవిడా గిటార్ పట్టుకుని దిగింది. పాముచెవులాయన అన్నేళ్ళలో మొదటిసారి పెట్టెని ఎర్రగీతల మీదినించి ముందుకి జరిపాడు. సాలీళ్ళు గాభరాగా చెల్లాచెదురయ్యాయి. వెనక బెజ్జంలోంచి చూస్తే పక్కకి జరిగిన బోల్టుకి ఇంకా రెండు నీలం దారాలు వేలాడుతున్నాయి. ఆయన బొంతని లోపలికి కుక్కి, పెట్టెని జరిపి, గిటార్ మీటాడు. మొహం చిట్లించాడు.

"అది కాదు. దగ్గరగా ఉంది గానీ అది కాదు."

"అలా చుట్టచుట్టి కుక్కితే ఎలా?" అంది వాళ్ళావిడ. "ఇటివ్వండి." పాపని కూతురి చేతిలో పెట్టి, బొంతని బయటికి లాగి, నాలుగు మడతలు వేసి, చేతులు మోచేతులదాకా లోపలికి పోనిచ్చి ఏదో సర్దింది. "ఇప్పుడు చూడండి."

మీటాడు. గదంతా నిండిపోయింది. ఆయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని, ఆ పాత వరసే మొదలుపెట్టాడు. ఆవిడ స్విచ్ తిప్పింది.

"ఏది?"

"పెడల్."

"కాదు, పెట్టె." మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు?"

"పెట్టె. కచ్చితంగా పెట్టె."

"కాదండీ. పెడల్."

మనిషి ఓడిపోయి అంత ఆనందపడటం హోటలమ్మాయి ఎప్పుడూ చూడలేదు. ఇక చాలనేదాకా ఓడాడు. పెడల్‌ని గుడ్డతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఈసారి టాక్సీలో వదిలేస్తే ఊరుకునేది లేదన్నాడు.

"వదిలితే ఒట్టు," అందావిడ. పెడల్‌ని సంచిలో వేసుకోకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. "మాస్టారూ, ఆ కెపాసిటర్ కథ ఇంకోసారి చెప్పండి. హోటల్లో అందరూ అడుగుతుంటారు, నాకు సగమే గుర్తుంటుంది."

వాళ్ళావిడకి అలవాటు ప్రకారం వంటింట్లో పని గుర్తొచ్చింది. లేచింది.

"ఎక్కడికి? కూర్చో," అన్నాడు ఆయన. తన స్టూల్ ఆవిడవైపు జరిపాడు. ఆ స్టూల్‌మీద ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు, స్విచ్ తిప్పేది నిలబడే. "ఆ రోజు నేను కెపాసిటర్ మార్చిన మాట నిజమే అమ్మా. దానివల్ల వీసమెత్తు లాభం లేదు. ఇన్నేళ్ళూ నేను తప్పు కథ చెప్పాను. చేసింది ఈవిడ. ఏం చేసిందో ఈవిడే చెబుతుంది, వినండి. నేనూ వింటాను."

ఆవిడ కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది. "నేనేం చేశానమ్మా? పిల్ల నిద్రపోవాలని బొంత పెట్టాను. అంతే."

అంతే అన్నది గానీ, హోటలమ్మాయి వదిల్తేనా? గుచ్చి గుచ్చి అడిగింది. ఆవిడ మెల్లిమెల్లిగా మొదలుపెట్టి, పెట్టె ఎంత బరువుందో, ఎర్రగీతలమీదికి జరపడానికి ఎన్ని తిప్పలు పడిందో, ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు విని ఎలా పరుగెత్తి పిల్లని ఒళ్ళో వేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుందో, అన్నీ చెప్పింది. కూతురు పడీ పడీ నవ్వింది. ఆయన ఒక్క మాటా అడ్డురాకుండా విన్నాడు.

ఈలోగా పాపకి నిద్ర ముంచుకొచ్చి పేచీ మొదలుపెట్టింది. బొంతని పెట్టెలోంచి తీయక తప్పలేదు. దులిపి, చాపమీద పరిచి, దానిమీద పడుకోబెట్టారు. హోటలమ్మాయి గిటార్ చేతిలోకి తీసుకుని, "ఏదైనా మెల్లిగా వాయించనా? ఏ కేబుల్ పెట్టుకోను?" అంది.

"పెట్టె వద్దమ్మా, అది ఇప్పుడు ఉత్త డబ్బా. పెడల్ పెట్టుకో. బొంత దాంట్లో ఉంది," అన్నాడు ఆయన. "ఇకమీద కొత్తవి చేసినా అలమారలో ఉన్నదాంతోనో నీదాంతోనో పోల్చుకుంటాను. అప్పుడప్పుడూ తెచ్చివ్వు."

"అంత అవసరమైతే ఇంకోటి కుట్టిపెడతాను," అంది వాళ్ళావిడ వంటింట్లోకి వెళుతూ. "కాకపోతే మీ చొక్కాలు పోతాయి."

హోటలమ్మాయి వాయిస్తోంది. పాముచెవులాయన పాప పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పాటలో మునిగిపోయాడనే అందరూ అనుకున్నారు. వంటింట్లోంచి వాళ్ళావిడ పిలిచింది, గిటార్ మోతలో కూతురికే సరిగ్గా వినపడనంత మెల్లిగా.

"వస్తున్నా," అంటూ ఆయన మొదటి పిలుపుకే లేచాడు.